జన్మకొక్క పిడి

డ్వేన్ పర్సెల్ నోరు విప్పాడంటే నిజం చెప్పులు చేతబట్టుకుని దొడ్డిదారిన పోతుందని హార్లన్ ఫాల్స్‌లో అందరికీ తెలుసు. తెలిసీ వింటారు. ఒహాయోలో ఓ మూలనున్న ఆ ఊళ్ళో శనివారం పొద్దున్నే అంతకంటే మంచి కాలక్షేపం ఎక్కడ దొరుకుతుంది గనక!

ఆ శనివారం కూడా డోనట్ల కొట్లో కిటికీ పక్క బల్ల దగ్గర నలుగురూ చేరారు. తివాచీల వ్యాపారం చేసే డ్వేన్, స్కూలు బస్సు నడిపి రిటైరైన బెర్నడెట్, క్షౌరశాల గస్, పోస్టాఫీసు లియాన్. నలుగురిదీ ఒకటే పిచ్చి. కోర్టుకెళ్ళినా, లైబ్రరీకెళ్ళినా, ఆఖరికి ఆసుపత్రికి పలకరింపుకెళ్ళినా వీళ్ళ చూపు మనుషుల మీద నిలవదు. గోడల మీద పాకుతుంది, పైకప్పు మీద తిరుగుతుంది. ఫైర్ అలారం గంట ఎక్కడుంది, హారన్ ఏ కాలం నాటిది, పొగని పసిగట్టే డబ్బా కొత్తదా పాతదా, ఇదే ధ్యాస. చూస్తారు, ఫొటో తీసుకుంటారు, మురిసిపోతారు. ముట్టుకోవడం మాత్రం లేదు. గోడ మీది ఎర్ర డబ్బాకున్న పిడిని ఒక్కసారి లాగాలని చేతులెంత దురద పెట్టినా జేబుల్లోనే పెట్టుకుంటారు.

ఏదైనా పాత కట్టడాన్ని పడగొట్టేటప్పుడు మాత్రం, కాంట్రాక్టరు దయతలిస్తే, వీళ్ళలో ఒకరికి ఆ పిడి లాగే భాగ్యం దక్కుతుంది. అదీ జన్మకొక్కసారే. ఒకసారి లాగినవాళ్ళు పక్కకి తప్పుకుని లాగనివాళ్ళకి దారివ్వాలి. బెర్నడెట్ పాత సినిమా హాల్లో లాగింది. లియాన్ మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీలో లాగాడు. ఇక మిగిలింది డ్వేనూ గస్సూ.

సోమవారం ఊళ్ళో పాత బడిని కూలగొడుతున్నారు. "ఒక్కరు రండి, ఎవరో ఇవాళే చెప్పండి" అన్నాడు కాంట్రాక్టరు.

డ్వేన్ చదువుకున్నది ఆ బళ్ళోనే. ఒకటో తరగతిలో పాఠం చదవమని టీచరమ్మ నిలబెడితే, అక్షరాలు అలుక్కుపోయి, క్లాసంతా నవ్వుతుంటే కళ్ళనిండా నీళ్ళతో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే, నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పే ఫైర్ డ్రిల్లు కోసం హారన్ మోగింది. అందరూ పుస్తకాలు పడేసి ఎండలోకి పరిగెత్తారు. ఆ మోత తనకోసమే మోగిందనుకున్నాడు పిల్లవాడు. అరవై దాటినా ఇంకా అదే అనుకుంటున్నాడు. బడి పడిపోయేలోపు దాన్ని తన చేత్తో మోగించాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది.

కానీ గస్ మంచివాడు. అందరికీ ఇష్టుడు. ఓటింగంటే అతనికే వేస్తారు. తనకున్న ఒకే ఒక్క ఆయుధం నోరు గనక, డ్వేన్ దాన్నే బయటికి తీశాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసుగా" అన్నాడు.

లియాన్‌కి కాఫీ పొలమారింది.

"మొన్న కుక్కకి లైసెన్సు తీసుకుందామని కౌంటీ ఆఫీసుకెళ్ళానా, అక్కడ కోట్లు తగిలించే కొయ్య వెనకాల, గోడకి, ఇంత పళ్ళెమంత గంట! రంగులేసేవాళ్ళు దాని మీద కూడా రంగేసి రంగేసి గోడలో కలిపేశారు. అక్కడ పనిచేసేవాళ్ళకే తెలీదు. గుమ్మంలోంచే పట్టేశా."

"అది నేనూ చూశా. బావుంటుంది" అన్నాడు గస్.

డ్వేన్‌కి చురుక్కుమంది. గస్ చూసిందే తనూ చూస్తే ఇక తన గొప్పేముంది?

"చూశావు సరే. విన్నావా?"

"మోగని గంటని ఎలా వింటారోయ్?" అన్నాడు లియాన్.

"అదీ! అక్కడే ఉంది తేడా. హారనైనా గంటైనా మోగబోయే ముందు ఊపిరి పీల్చుకుంటుంది. మీ చెవులకి అందదు, నా చెవికి అందుతుంది. ఆ చెవి వల్లే కదా పోయిన శీతాకాలం హైవే పక్క మాల్‌లో అంతమంది బతికి బట్టకట్టారు. చెప్పలేదూ మీకు?"

"లేదే" అంది బెర్నడెట్, డోనట్ కాఫీలో ముంచుకుంటూ. "నువ్వు చెప్పకుండా దాచుకున్నది కూడా ఒకటుందా!"

"పిల్లకి కోటు కొందామని వెళ్ళాను. మెట్ల దగ్గర నిలబడి అలవాటు చొప్పున కప్పు కేసి చూస్తున్నా. పొగ పసిగట్టే డబ్బాలకి చిన్న లైటుంటుందే, అన్నీ ఓ లెక్కలో మిణుకుమంటున్నాయి. ఒకటి మాత్రం తాళం తప్పింది. ఎవడన్నా చూస్తాడా? చూడడు. నేను చూశా. దాని కింద ఏముందీ? ప్రెట్జెల్ రొట్టెలు కాల్చే కొట్టు. ప్రెట్జెల్ కొట్టు వెనకాల ఏముందీ? సన్నగా పొగ. హారన్లన్నీ ఊపిరి బిగబట్టాయి, కానీ మోగవే! ఎక్కడో వైరు తెగింది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"ఫైరింజనుకి ఫోన్ చేశావు" అన్నాడు గస్.

"ఫోనా! అంత టైముందా? నేనే మోగాను."

"నువ్వు?"

"నేనే. ఈ గొంతుతో." డ్వేన్ లేచి నిలబడి, నడుం మీద చేతులేసుకుని, బుగ్గలు పూరించి, "బేఁఏఏఏ!" అన్నాడు. డోనట్ల కొట్టు పిల్ల చేతిలో ట్రే జారింది. పక్క బల్ల దగ్గర ముసలాయన ఒకడు సగం లేచి, తలుపు కేసి చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

ఆ ముసలాయన లేవడం చూడగానే డ్వేన్ మనసు గాల్లో తేలింది. ఇక అతన్ని పట్టేదెవరు!

"చూశారా? అదీ నిజం హారనుకీ నాకూ ఉన్న తేడా, అంటే లేదన్నమాట. మాల్‌లో కింది అంతస్తంతా ఖాళీ. ఎస్కలేటర్ల మీద జనం కిందికి పైకే కాదు, పక్కకి కూడా దిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధి అవతలి బ్యాంకులో హారన్ నా గొంతు విని, తోటి హారనే పిలుస్తోందనుకుని బదులు పలికింది! తెల్లారగట్ల ఒక కోడి కూస్తే ఇంకోటి కూయదూ, అలాగ. బ్యాంకుది విని చర్చిది. చర్చిది విని జైలుది. జైల్లో ఖైదీలు వరసగా బయటికొచ్చి, బుద్ధిగా లెక్క చెప్పి, మళ్ళీ లోపలికి పోయారు."

"అయ్యో పాపం, బుద్ధిమంతులు" అంది బెర్నడెట్.

"ఈ కౌంటీలోదీ పక్క కౌంటీలోదీ ఒక్కటి మిగల్లేదు. ఈరీ సరస్సు దాకా పాకింది. సరస్సు మీద ఓడలు అందుకున్నాయి. అవతలి గట్టు మీద కెనడా వాళ్ళు దుప్పట్లు కప్పుకుని మంచులోకొచ్చి నిలబడి, మహా మర్యాదస్తులు కదా, ఏమైందో తెలీకపోయినా మాకు క్షమాపణ చెప్పారు!"

లియాన్ బల్ల మీద తల వాల్చి వణుకుతున్నాడు. నవ్వుతో. గస్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. గస్సే నవ్వాడంటే ఓటు తనదే. అక్కడితో ఆపి కూర్చుంటే బంగారంలా ఉండేది. కానీ పరుగెత్తే నోటికి కళ్ళెం ఎవరు వేస్తారు?

"అంతలో నా గొంతు పోయింది. పై అంతస్తులో ఇంకా జనం. తిరిగి చూద్దును కదా, గోడ మీద ఎర్ర డబ్బా! దాని పిడి నాకేసే చూస్తోంది. పట్టాను. లాగాను. మామూలుగా లాగానా? పిడితో డబ్బా వచ్చింది, డబ్బాతో వైరొచ్చింది. లాగుతున్నా, వస్తోంది. వేరుశనగ మొక్క పీకితే కాయలు వేలాడుతూ వస్తాయే, అలా ఆ వైరుకి మాల్‌లో హారన్లు, రోడ్డవతలి బ్యాంకువీ, చర్చివీ, గుత్తులు గుత్తులుగా, అన్నీ మోగుతూ..."

"ఆగాగు" అంది బెర్నడెట్. "పిడి లాగావా?"

"లాగానంటే!"

"నీ చేత్తోనే?"

"ఈ కుడిచేత్తోనే!"

బెర్నడెట్ డోనట్ కింద పెట్టి చప్పట్లు కొట్టింది. "శభాష్. పెట్టి పుట్టావయ్యా! మాకు పాడుబడ్డ కొంపల్లో వచ్చిన వంతు నీకు నిండు మాల్‌లో, నిజం మంటల్లో వచ్చింది." సంచీలోంచి ఫోన్ తీసింది. "అయితే కాంట్రాక్టరుకి గస్ పేరు చెప్పేస్తున్నా."

"గస్సా? ఎందుకు?"

"జన్మకొక్కటే కదా. నీది అయిపోయింది."

డ్వేన్‌కి అప్పుడు వెలిగింది. చేతిలో ఉన్న బడి, తన బడి, తన నోటి వల్లే జారిపోతోంది.

"అంటే... గ్లౌజు ఉందప్పుడు."

"గ్లౌజులో చెయ్యి ఉందా లేదా?"

"అసలు చేత్తో కాదు. గుర్తొచ్చింది. పళ్ళతో లాగా!"

"పళ్ళెవరివి?"

"కట్టుడువి. అవి డాక్టరు ఖాతాలోకి పోతాయి" అన్నాడు లియాన్ ఏమీ ఎరగనట్టు.

బెర్నడెట్ నంబరు వెతుకుతోంది. డ్వేన్ ఆవిడ చేయి పట్టుకున్నాడు. "లేదు తల్లీ! మంట లేదు, మాల్ లేదు, నేనసలు వెళ్ళలేదు. నా జన్మలో ఒక్క పిడి ముట్టుకోలేదు. ఒట్టు!"

"ఇదే అబద్ధమైతే? మాల్ మాట నమ్మాలా, ఈ ఒట్టు నమ్మాలా? సాక్షిని తీసుకురా."

"లియాన్! ఒరేయ్ లియాన్! నువ్వు చెప్పరా. నేనెంత పిరికివాణ్ణో చెప్పరా!"

లియాన్‌కి ఇంతకంటే పండగేముంది! కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "చెప్పాలంటే, లైబ్రరీలో అలారం మోగినప్పుడు మనవాడు నాతోనే ఉన్నాడు. పిడి లాగడం మాట దేవుడెరుగు, నన్ను తోసేసి ముందు పరిగెత్తాడు. ఒక బూటు మెట్ల మీదే వదిలేశాడు."

"వదిలేశా!" అన్నాడు డ్వేన్ ఆత్రంగా. "ఒకటి కాదు, రెండూ! కోటు కూడా! ప్యాంటు ఎలా మిగిలిందో దేవుడికే తెలియాలి. పార్కింగులో ఆగానా? ఆగలేదు. ఊరి పొలిమేర దాటా. నన్ను పట్టుకోడానికి పోలీసు కారొస్తే దాన్ని కూడా దాటేశా. ఒహాయో మొత్తం గాలించండి, నా అంత పిరికివాడు ఇంకొకడు దొరికితే..."

"కూర్చోవయ్యా" అన్నాడు గస్ మెల్లిగా. "అంత పిరికివాడివేం కాదు. ఆ మాత్రం భయం మా అందరికీ ఉంది."

డ్వేన్ కూర్చున్నాడు. మొహం వాడిపోయింది. ఆఖరికి పిరికితనంలో కూడా తనకి మొదటి బహుమతి రాలేదు.

గస్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "బెర్నడెట్, వాడి పేరే చెప్పు. నేను చదివింది నది అవతల. ఆ బడి వాడిది."

డ్వేన్‌కి నోట మాట రాలేదు. అతని జన్మలో ఎన్నడూ లేని వింత అది. గస్ చేయి గట్టిగా పట్టుకుని ఊపాడు. కళ్ళు చెమర్చాయి.

"చెప్తా. కానీ ఒక షరతు" అంది బెర్నడెట్. "సోమవారం ఏం జరిగిందో అదే చెప్పాలి. ఒక పిడి. ఒక బడి. ఒక మోత. ఆవగింజంత కూడా పెంచకూడదు. ఎన్నేళ్ళయినా సరే."

డ్వేన్ ఆలోచనలో పడ్డాడు. చాలాసేపు పడ్డాడు. నుదుట చెమట పట్టింది.

"ఒక్క మోతేనా?"

"ఒక్కటే."

"పావురాలు లేచాయని..."

"లేస్తే చెప్పు. లేచినన్నే చెప్పు."

"పోనీ గస్ లాగితే, ఆ కథ నేను నా ఇష్టమొచ్చినట్టు చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో. కానీ పిడి గస్ చేతిలో ఉంటుంది" అంది బెర్నడెట్, బొటనవేలు ఫోన్ మీద పెట్టి.

డ్వేన్ కిటికీలోంచి బడి ఉన్న వైపు చూశాడు. గుండె మీద చేయి వేసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. "జరిగింది జరిగినట్టే చెప్తా. ఒక్క ముక్క కలపను. ఈ రోజు నుంచీ ఈ నోట అబద్ధం రాదు."

లియాన్ డోనట్ పైకెత్తి పట్టుకుని కొట్టంతా వినేలా అన్నాడు.

"విన్నారా జనులారా! కెనడా దాకా మోగాడు, జైలు ఖాళీ చేశాడు, పోలీసు కారు దాటేశాడు. అవన్నీ నేను నమ్మేశా. ఈ ఒక్క కోత మాత్రం నావల్ల కాదు బాబోయ్!"