కుట్టుమిషను చప్పుడులో విన్నది

నా పేరు, తండ్రి పేరు, చిరునామా సమనులో రాసినవే. వాటిలో తప్పు లేదు. వయసు ఇరవై నాలుగు. ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. ప్రభుత్వ బడిలో టీచరుగా ఎంపికయ్యాను, ఇంకా చేరలేదు. పోలీసు విచారణ పూర్తయ్యాక ఉత్తర్వులు ఇస్తామన్నారు. నాన్న లారీలకు బస్తాలు ఎత్తుతాడు. అమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. నా వాంగ్మూలం నేనే రాసి ఇస్తానని మేజిస్ట్రేటు గారిని కోరాను, ఒప్పుకున్నారు. ఈ రోజు ఉదయం పదకొండు గంటలకు కోర్టు హాలు పక్క గదిలో గుమస్తా గారి ఎదుట కూర్చుని రాస్తున్నాను. నన్నెవరూ కొట్టలేదు. ఇన్‌స్పెక్టరు గారు నిన్న అన్న మాట బెదిరింపు అవునో కాదో నాకు తెలియదు. దాన్ని కింద రాస్తాను.

కిందటేడు వానాకాలం మొదట్లో మా యజమాని నన్ను పిలిచారు. మిల్లు సమ్మెతో మొదలై నాలుగు జిల్లాలకు పాకిన తిరుగుబాటును నడిపిన నాయకుడి జీవితకథ పుస్తకంగా వేస్తున్నామని, ఆయన చెబుతుంటే రికార్డు చేసి రాయాలని అన్నారు. ఆ నాయకుణ్ని అందరూ ఫ్యూజన్న అంటారు. మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేసేవారు. కోపం వస్తే టప్పున పేలిపోతారని తోటివాళ్లు పెట్టిన పేరు. నేను చూసేనాటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు. కోపం తగ్గిపోయింది, పేరు మిగిలింది.

ఆయనా, ఆయన భార్యా సైకిలు షాపు మీద రెండు గదుల్లో ఉండేవారు. ఆవిడ బట్టలు కుడతారు. వెలుతురు కోసం మిషను కిటికీ పక్కనే ఉండేది. మొదటి రోజు నేను ఆయన్ని తాతగారూ అని పిలిచాను.

"తాతా గీతా అన్నావంటే ఒక్క ముక్క చెప్పను. అన్న అను," అన్నారు.

ఆయన అన్న అయితే ఆవిడ వదిన కావాలి. డెబ్బై దాటిన మనిషిని వదినా అని పిలవడానికి నాకు వారం పట్టింది. ఆవిడే ఒకరోజు నవ్వుతూ, "ఆడపడుచు వచ్చిందంటే ఇల్లు వణకాలి. నువ్వేంటమ్మా, మంచినీళ్లు అడగడానికి కూడా భయపడతావు?" అన్నారు.

వారానికి మూడు రోజులు, ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా కూర్చునేవాళ్లం. చేతులు ఊరికే ఉంటే ఆయనకు మాట వచ్చేది కాదు. వీధిలో వాళ్లు తెచ్చిచ్చిన ఇస్త్రీ పెట్టెలు, రేడియోలు విప్పుకుంటూ చెప్పేవారు. రికార్డు చేసినదాన్ని ఇంటికి వెళ్లి విని రాసేదాన్ని. తర్వాతిసారి చదివి వినిపించేదాన్ని. ఆయన సరే అన్నదే పుస్తకంలోకి వెళ్తుంది, అననిది వెళ్లదు. మొదటి రోజే అలా అనుకున్నాం. సమ్మె రోజున గేటు దగ్గర ఆయన సింహంలా గర్జించారని నేనొకసారి రాశాను.

"ఏం గర్జన? ఆ రోజు నాకు జలుబు. ముక్కు చీదుకుంటూ మాట్లాడాను. వినపడి చావలేదని వెనక వరస వాళ్లు తిట్టారు కూడా. కొట్టెయ్," అన్నారు. కొట్టేశాను.

పుట్టిన కార్మికుల లైను ఇళ్లు, స్తంభం మీంచి పడి చనిపోయిన పెద్దన్న, మొదటి సమ్మె, ఆరేళ్లు ఇళ్లు మారుతూ దాక్కోవడం, పదకొండేళ్ల జైలు, అన్నీ అలాగే రాశాం.

ఇప్పుడు కుట్టుమిషను గురించి. రెండో వారంలో ఒకచోట ఆయన దాక్కున్న రోజుల గురించి గొంతు తగ్గించి చెబుతున్నారు. వెంటనే మిషను మొదలైంది. ఇంటికి వెళ్లి వింటే రికార్డులో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాతిసారి ఆ సంగతి చెబితే ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ రోజుల్లో రహస్య సమావేశాలు వాళ్ల ఇంట్లోనే జరిగేవట. పక్క గది వాళ్లకు మాటలు వినపడకుండా వదిన మిషను తొక్కుతూ ఉండేవారట.

"నా కాలు నా మాట వినదమ్మా. ఈయన గొంతు తగ్గితే చాలు, అదే తొక్కేస్తుంది," అన్నారు వదిన.

"నలభై ఏళ్లయింది, ఇంకా కాపలా కాస్తూనే ఉంది," అన్నారు ఆయన.

ఆ తర్వాత కూడా అలా చాలాసార్లు జరిగింది. ఆవిడ నాలుక కరుచుకుని ఆపేవారు, మళ్లీ మరిచిపోయేవారు. అలాంటి భాగాలు నేను గుర్తున్నంతవరకు రాసి చదివి వినిపిస్తే ఆయన సరిచేసేవారు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే రికార్డు చెరిపింది నేనేనని పోలీసులు అంటున్నారు. నేను ఏదీ చెరపలేదు.

డిసెంబరు తొమ్మిదిన ఆయన మిల్లు దూది గోడౌను మంటల గురించి మొదలుపెట్టారు. ఆ మంటల్లో కాపలాదారు చనిపోయాడు. ఆ కేసులోనే ఆయన తనంతట తాను స్టేషనుకు వెళ్లి, నేనే చేశానని ఒప్పుకుని శిక్ష అనుభవించారు. ఆ రోజు గట్టిగానే చెప్పారు, రికార్డు అయింది: "నిప్పు పెట్టింది నేను కాదు. ఎవరో నాకు తెలుసు."

ఇప్పుడెందుకు చెబుతున్నారని అడిగాను.

"అబద్ధమాడి పదకొండేళ్లు లోపల ఉన్నాను. అదే అబద్ధం పుస్తకంలో కూడా పెడితే మిగతా పేజీలు ఎవరు నమ్ముతారు?" అన్నారు.

పదకొండున అది చదివి వినిపించాను. సరే అన్నారు. తర్వాత మిగతాది చెప్పారు. ఆ రోజు ఆయన చేతిలో ఏ వస్తువూ లేదు. గొంతు బాగా తగ్గించారు. వదిన మిషను తొక్కారు, ఆపలేదు. నేను ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను. అది రాసి చదివి వినిపించాల్సింది పదమూడున. నేను వెళ్లేసరికి తలుపుకి తాళం ఉంది. ఆయనకు పక్షవాతం వచ్చిందని, ఆసుపత్రికి తీసుకెళ్లారని సైకిలు షాపతను చెప్పాడు. ఇరవయ్యో తేదీన చనిపోయారు. చదివి వినిపించలేదు కాబట్టి ఆ భాగం నేను రాయలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

ఫిబ్రవరిలో ఒక వారపత్రిక ఆయన సరే అన్న మంటల అధ్యాయాన్ని వేసింది. అది చదివి కాపలాదారు కొడుకు కోర్టుకు వచ్చారు. పోలీసులు రికార్డులు తీసుకెళ్లారు. ఇన్‌స్పెక్టరు గారు నన్ను మూడుసార్లు పిలిపించారు. మిషను సంగతి చెబితే, "అయితే కుట్టుమిషను మీద కేసు పెట్టమంటావా?" అన్నారు. నిన్న సాయంత్రం మాత్రం నవ్వలేదు. "చూడమ్మా, నీ టీచరు ఉద్యోగం ఫైలు నా బల్ల మీద నుంచే వెళ్లాలి. పేరు చెప్పు, రేపే పంపిస్తాను. చెప్పకపోతే నేరాన్ని దాచినట్టు రాయాల్సి వస్తుంది," అన్నారు.

ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పాను. ఏం చేస్తావని నాన్న అడగలేదు. "టీచరమ్మా, ముందు అన్నం తిను," అన్నాడు. ఎంపికైన రోజు నుంచీ నన్ను అలాగే పిలుస్తున్నాడు.

ఈ ఉదయం కోర్టు వరండాలో కాపలాదారు కొడుకును మొదటిసారి చూశాను. సిటీ బస్సు డ్రైవరు. మధ్యాహ్నం డ్యూటీ ఉందట, యూనిఫాంలోనే వచ్చారు. బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చారు.

"నీ మీద నాకేం కోపం లేదు తల్లీ," అన్నారు. "అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాన్న తాగి దూది బేళ్ల మీద పడి నిద్రపోయాడని, అందుకే చచ్చాడని మిల్లు వాళ్లు రాశారు. మా నాన్న తాగడు. మా అమ్మ ఎంతమందికి చెప్పిందో. ఎవరూ నమ్మలేదు. బడిలో నన్ను నిద్రమొహం అనేవాళ్లు. ఆ రోజు అక్కడ ఎవరున్నారో చెప్పు. వాళ్లని ఒక్కటే అడుగుతాను, మా నాన్న నిద్రపోతున్నాడా అని."

దానికి జవాబు నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. డిసెంబరు పదకొండున ఫ్యూజన్న చెప్పింది ఇది.

అది ఆదివారం మధ్యాహ్నం, మిల్లుకు సెలవు. సెలవు రోజుల్లో హమాలీలు అన్నాలు తిని గోడౌనులో బేళ్ల మీద పడుకునేవారు. సరుకు తగలబెట్టాలని నిర్ణయించినవాళ్లు ఉదయమే వాళ్లందరికీ రహస్యంగా కబురు పెట్టారు. ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. కాపలాదారు యాజమాన్యం మనిషి అనుకుని ఆయనకు చెప్పలేదు. మంట లేచేసరికి ఆయన గేటు దగ్గర మెలకువగా ఉన్నారు. గంట కొట్టారు. కావాలంటే బయటికి వెళ్లిపోవచ్చు, గేటు తెరిచే ఉంది. ఆయన గోడౌను వైపు పరుగెత్తారు. హమాలీలు వెనక దారిన వస్తారు కాబట్టి, ఎప్పటిలాగే లోపల నిద్రపోతున్నారని అనుకున్నారు. వాళ్లను ముద్దుపేర్లతో పిలుస్తూ, "లేవండ్రా, లేవండి, అంటుకుంది!" అని అరుస్తూ లోపలికి వెళ్లారు. నిప్పు పెట్టిన మనిషి గోడ అవతలి నుంచి ఆ కేకలు విన్నారు. "లోపల ఎవరూ లేరు, వచ్చెయ్," అని అరిచారు. ఆ మంటల చప్పుడులో ఆయనకు వినపడలేదు. ఆ మనిషి సాయంత్రం వచ్చి ఇదంతా చెప్పి గోడకు తల కొట్టుకుంటుంటే, ఫ్యూజన్న చొక్కా తొడుక్కుని స్టేషనుకు వెళ్లారు. నిర్ణయం తనదని, కాబట్టి నేరం కూడా తనదేనని ఆయన అనుకున్నారు.

"అందరికీ చెప్పాం, ఆయనకి తప్ప," అన్నారు. మళ్లీ అదే అన్నారు. "అందరికీ చెప్పాం. ఆయనకి తప్ప." మిషను ఆడుతూనే ఉంది.

తర్వాత పేరు చెప్పారు. "ఇది నీకు తెలియాలని చెప్పాను, రాయాలని కాదు," అన్నారు.

ఆ మనిషి బతికే ఉన్నారు. ఆ పేరు నేను చెప్పను. మిషను తొక్కిన ఆవిడేనా అని ఇన్‌స్పెక్టరు గారు నిన్న అడిగారు. ఇంకో ఇద్దరి గురించి కూడా అడిగారు. ఎవరి గురించి అడిగినా అవునని గానీ కాదని గానీ అనను. ఒకరిని కాదంటే మిగిలినవాళ్లను చూపించినట్టే అవుతుంది.

ఆయన సరే అనని మాట రాయకూడదన్నది మా ఒప్పందం. కాపలాదారు గురించి రాసి ఈ రోజు దాన్ని తప్పాను. ఆయన కొడుకు నా పక్కన కూర్చుని అడిగిన తర్వాత దానికి కట్టుబడి ఉండలేకపోయాను. పేరు విషయంలో తప్పను. దీనివల్ల ఆ కొడుక్కి దక్కాల్సింది పూర్తిగా దక్కలేదని తెలుసు. ఈ వాంగ్మూలం నకలు ఒకటి ఆయనకు ఇవ్వమని కోరుతున్నాను. ఆయన తండ్రి నిద్రపోలేదు.

పేరు చెప్పకపోతే ఏమవుతుందో మేజిస్ట్రేటు గారు వివరించారు. అర్థమైంది. ఉద్యోగం సంగతి కూడా అర్థమైంది.

ఈ కాగితం చివర "నాకు తెలిసినదేదీ దాచలేదు" అని ముందే అచ్చు వేసి ఉంది. దాన్ని కొట్టేయవచ్చా అని గుమస్తా గారిని అడిగాను. "అది అందరికీ ఉండేదేనమ్మా, ఎవరూ చదవరు. సంతకం పెట్టెయ్," అన్నారు. నేను చదివాను. అది నా విషయంలో అబద్ధం. మేజిస్ట్రేటు గారి అనుమతితో ఆ వాక్యాన్ని నా చేత్తోనే కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేశాను. దాని కింద ఇది రాస్తున్నాను:

పైన చెప్పినదంతా నిజం. ఒక్క పేరు తెలిసి కూడా చెప్పలేదు.

(సంతకం)