హైలెస్సా పుట్టిన తుమ్ము

సామాన్లు మోసే ఆ జట్టులో మైకు అనే మనిషి బరువు తప్ప అన్నీ మోస్తాడు. మోకాళ్లు అరిగాక అతని పనల్లా పక్కన నిలబడి "హైలెస్సా" అని కేకేయడం, మిగతా నలుగురూ ఆ కేక మీద ఒక్కసారిగా తొయ్యడం. జట్టు మేస్త్రీ స్వయానా అతని బావమరిది. ఆ మేస్త్రీ పొద్దున్నే చెప్పేశాడు, "బావా, మాకు నలుగురు చాలు. రేపట్నుంచి ఇంట్లో కూర్చో" అని. ఇంట్లో మైకు మాట వినే నాథుడే లేడు.

అందుకే టేకు బీరువా కాస్తా పడగ్గది గుమ్మంలో సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయి, జట్టంతా చెమటలు కక్కుతూ వసారాలో కూలబడగానే గొంతు సవరించుకున్నాడు. ఇంటి పెద్దావిడ బీరువాకు అవతల, గదిలో చిక్కుకుపోయి ఉంది. ఆవిడకీ వినపడేలా మొదలెట్టాడు.

"ఈ హైలెస్సా అన్న మాట ఎలా పుట్టిందో మీలో ఎవడికైనా తెలుసురా? లెస్స అంటే బాగు కదా, అందులోంచి వచ్చుంటుందని పండితులంటారు. వాళ్లెప్పుడైనా బస్తా ఎత్తారా? అది పుట్టింది నా ముక్కులోంచి."

"ముక్కులోంచా బాబాయ్?"

"విను మరి. నాకప్పటికి మీసం కూడా రాలేదు. బురదలో ఒక బండి దిగబడింది, జనం లాగుతున్నారు, కదిలి చావదు. నాకేమో తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతోంది. హై, హై అంటూ మొహం పైకెత్తి, చివరికి లెస్సా అని వదిలాను. ఆ అదురుకి బండి గట్టు మీదుంది, ఎద్దులు వెనకాల పరిగెత్తి అందుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జలుబు తగ్గిందా?" అన్నాడు జట్టులో పొట్టివాడు.

"ఓడలవాళ్లు నా మాటని ఎగరేసుకుపోయారు, అడిగి తీసుకెళ్లాలన్న ఇంగితం కూడా లేదు. ఒక దీవిలో దానికి 'భోజనానికి రండి' అని అర్థం స్థిరపడింది. పక్క దీవిలో 'మీ అమ్మాయిని నాకివ్వండి' అని. పాపం ఒక ఓడ సరంగు తెలీక అక్కడ లంగరు లాగుతూ అన్నాడు, లంగరు పైకొచ్చేసరికి ముగ్గురు పెళ్లాలు. ఇంకో దేశంలో అయితే ఏకంగా తిట్టు, అదీ రాజుగారి అత్తగారిని మాత్రమే తిట్టే తిట్టు. ఆ గొడవ తేల్చడానికి నన్నే పిలిపించారు, మాటను కన్నవాణ్ణి కదా. రాజు సింహాసనం దిగొచ్చి, 'అయ్యా, తిట్టు సంగతి తర్వాత, నా కిటికీకి ఆ కొండ అడ్డం, గదిలోకి ఎండ రావట్లేదు' అని వాపోయాడు."

"నువ్వేం చేశావు బావా?" అన్నాడు మేస్త్రీ, నవ్వు ఆపుకుంటూ.

బావమరిది నోరు తెరిచి అడిగేసరికి మైకుకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం చేస్తాను, పెదవి కదిపీ కదపకుండా హైలెస్సా అన్నాను. గట్టిగా అంటే రాజ్యమే లేచిపోతుందని భయం. కొండ లేచింది, దుమ్ము దులుపుకుంది, మీద మేస్తున్న మేకలు జారిపోకుండా మెల్లగా నడిచెళ్లి పక్క రాజ్యంలో కూర్చుంది. ఆ రాజు లబోదిబోమంటూ వచ్చాడు. సరే పాపమని మాటను తిరగేసి అన్నాను, వెనక్కి వచ్చేసింది. వాళ్లిద్దరూ పంతాలకు పోయి అటూ ఇటూ తిప్పించేసరికి, కొండకే కాళ్లు పీకి నా కాళ్లమీద పడింది. చేతులు ఎవడికైనా ఉంటాయిరా, అక్కడ ఒక్కడంటే ఒక్కడు చెయ్యేశాడా?"

బీరువా వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "నాయనా, చెయ్యి వెయ్యకుండానే కొండ నడిచిందా?"

"నడవడమేంటమ్మా, చివర్లో పరుగే."

"అయితే ఆ నలుగుర్నీ లేవొద్దను. బీరువాకి నువ్వొక్కడివే చెప్పు."

నలుగురూ హాయిగా కాళ్లు చాపుకున్నారు. మైకు ఇంక తప్పక బీరువా ముందు నిలబడి ఒకసారి అన్నాడు, ఇంకాస్త గట్టిగా మరోసారి అన్నాడు. పైకప్పు పెచ్చు రాలింది గానీ బీరువా కదల్లేదు.

"దీనికి చెవుడేమో బాబాయ్," అన్నాడు పొట్టివాడు.

మైకు సిగ్గుతో పక్కకు జరిగాడు. మేస్త్రీయే లేచి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తోయించాడు. ఒకడు రెండుకే తోశాడు, ఇంకొకడు మూడయ్యాక ఊపిరి పీల్చుకుని తోశాడు. బీరువా గడప మీదే ఉంది. అవతల పెద్దావిడకు ఓపిక నశించింది. పక్కకు తప్పుకుని, "ఎంతసేపర్రా నాకీ చెర, హై... లెస్సా" అని ఒక్క అరుపు అరిచింది. ఎవరూ ఆలోచించలేదు, నాలుగు భుజాలూ ఒక్కసారే పడ్డాయి. బీరువా గడప దాటి గదిలోకి వెళ్లిపోయింది.

మైకు మొహం వెలిగిపోయింది. "చూశావా, మాటలో బలముందని నేను చెప్పలేదూ?" అన్నాడు బావమరిదితో.

"ఉంది బావా, ఒప్పుకుంటున్నాను," అన్నాడు మేస్త్రీ. తర్వాత గదిలోకి తొంగిచూసి ఎంతో వినయంగా అడిగాడు.

"అమ్మగారూ, రేపు పొద్దున మీరు ఖాళీగా ఉంటారా?"