నవ్వకుండా ఒక్క గెంతు

ఆదివారం ప్రదర్శన పెట్టుకుని, ఓ నర్తకి ఎముకల డాక్టరమ్మ గదిలో బల్ల అంచున కూర్చుంది.

"తొడ మొదట్లో నరం పట్టేసిందండీ, అంతే. ఓ ఇంజెక్షన్ ఇచ్చేస్తే రిహార్సల్‌కి వెళ్ళిపోతా."

"రోగమూ నువ్వే చెప్పి, మందూ నువ్వే చెప్తే నేనెందుకమ్మా? ఎన్నాళ్ళుగా?"

"నెల్లాళ్ళుగా. సాగదీస్తే పోతుందని రోజూ సాగదీస్తున్నా."

"పోయిందా?"

"పెరిగింది."

"దిగి, ఆ కాలి మీద ఒక్క గెంతు గెంతు."

గెంతింది. మెడ నిటారుగా నిలిచింది, కళ్ళు మెరిశాయి, పెదవుల మీద పున్నమి పూసింది.

"చూశారా? ఏమీ లేదు."

"ముచ్చటగా ఉంది. ఇప్పుడు నవ్వకుండా గెంతు."

"నవ్వకుండానా?"

"మీ డాన్సర్ల మొహాలు నమ్మి వైద్యం చేస్తే నా పని గోవిందా."

ఆమె నవ్వు దించి గెంతబోయింది. పాదం నేల వదల్లేదు. రెండు చేతులా బల్ల పట్టుకుంది.

"తుంటి ఎముక సన్నగా బీటవారినట్టుంది. స్కాన్ తీయిద్దాం. ఇప్పుడాగితే అతుక్కుంటుంది. ఆదివారం ఆడావా, పూర్తిగా విరుగుతుంది. ఆపైన నీ నాట్యానికి నేను హామీ ఇవ్వలేను."

"మా టీచరుగారు బద్ధకమంటారు. బయటే ఉన్నారు."

"వెళ్ళి, నొప్పిగా ఉందని చెప్పు."

"చెప్పలేనండీ. ఆవిణ్ణి చూడగానే నవ్వు దానంతటదే వచ్చేస్తుంది."

డాక్టరమ్మ మూల నుంచి చంకకర్రలు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"అయితే వీటితో వెళ్ళు. వీటికి నవ్వడం రాదు."