ఆమె చెప్పిన పేరు

నరసరావుపేట ఆసుపత్రిలో, పక్షవాతంతో మాట పడిపోయిన భార్య పక్కన ఆయన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. మాటలు నేర్పే థెరపిస్టు అమ్మాయి తాళంచెవి బొమ్మ చూపించింది.

"ఇదేంటమ్మా?"

ఆమె పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

"పత్తికాయ బొమ్మ చూపియ్యమ్మా, అదయితే చెప్పుద్ది," అన్నాడాయన.

"మీరు అందించకండి బాబాయ్‌గారూ. అమ్మా, మీ పేరు చెప్పండి."

"ఏ... ఏమే."

థెరపిస్టు కాగితం మీద సున్నా వేసింది. ఆయన తల దించుకున్నాడు.

"ఆ సున్నా కొట్టెయ్యమ్మా. తప్పు ఆమెది కాదు. నలభై ఏళ్ళుగా నేను పిలిచింది అట్టాగే."

"మరి అసలు పేరేంటి?"

"సౌభాగ్యం," అన్నాడు, భార్య వైపు తిరిగి.

ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని ఆమె తలుపు వంక చూసింది.