వడగళ్ల తాత చల్లబరిచిన వీధి

రెండువేల ఇరవై నాలుగు, మే పధ్నాలుగో తేదీ, మంగళవారం. పొద్దున్నే కాస్త మబ్బు పట్టి ఆశపెట్టింది గానీ, పది గంటలకల్లా అదీ ఎటో జారుకుని ఎండ నిప్పులు చెరిగింది. గాలి లేదు. అలాంటి రోజున రేకుల కింద ఉండేవాళ్లు ఇంట్లో కూర్చోలేక టీ కొట్టు చూరు కింద చేరతారు. మనుషులు చేరాక వడగళ్ల తాత నోరు ఊరుకోదు.

ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. చిన్నప్పుడు ఆయన చూసిన వడగళ్లు మొదట్లో నిమ్మకాయంత ఉండేవి, చెప్పగా చెప్పగా గుమ్మడికాయంత అయ్యాయి. రంగుల కొట్టులో డబ్బాలు అమ్మి రిటైరైన మనిషి. అమ్మే రోజుల్లోనూ అంతే. ఒక్క డబ్బాతో ఇల్లంతా అయిపోతుందనేవాడు. చాల్లేదని ఎవరైనా పోట్లాటకొస్తే, గోడలు పెరిగాయేమో ఇంటికెళ్లి చూసుకోమనేవాడు. సరే, అది అలా ఉంచుదాం.

అసలు సంగతి ఆయన మనవరాలిది. పదిహేడేళ్ల పిల్ల. ఎండలూ వానలూ గతి తప్పుతున్నాయి కదా, మీ వీధి కోసం మీరేం చేయగలరో చెప్పండి, కొద్దిపాటి సాయం చేస్తామని నిరుడు నగర కార్యాలయం వాళ్లు కుర్రకారును అడిగారు. ఈ పిల్ల స్నేహితుల్ని పోగేసి, రేకుల కప్పులకు తెల్ల సున్నం పూస్తే లోపల వేడి తగ్గుతుందని ఒప్పించి, ఆ సాయంతో సగం వీధి పూసింది. మిగతా సగానికి ఈ ఏడు మళ్లీ అడిగింది. వీధి చివరింట్లో చంటిబిడ్డ, ఒళ్లంతా చెమటకాయలు. ఈ విడతలో మొదట పూయాల్సింది ఆ ఇల్లే. పనెలా జరిగిందో చూడడానికి ఆఫీసు నుంచి ఎవరో వస్తారని కబురొచ్చింది గానీ, ఏ రోజన్నది చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఇల్లు చల్లగా ఉందని చెప్పు తాతయ్యా, అంతకుమించి ఏమీ వద్దు అని మనవరాలు ఆయనకు మరీ మరీ చెప్పింది.

ఆయనా అంతే చెబుదామనుకున్నాడు. కానీ టీ కొట్టు బల్ల మీద ఎవరో కొత్తావిడ, గొడుగు ఒళ్లో పెట్టుకుని, ఈ వైపు కప్పులన్నీ తెల్లగా ఉన్నాయేమిటండీ అని అడిగేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. పాతవాళ్లంతా వడగళ్లతో విసిగిపోయి ఉన్నారు. కొత్త చెవులు దొరికి ఎంత కాలమైందో.

"అదా అమ్మా, నేను చెప్పిన చిన్న చిట్కా," అని మొదలుపెట్టాడు. "ఉత్త సున్నమైతే మొదటి వానకే కొట్టుకుపోతుంది. జిగురు కలపాలి. ముందు అంచులూ మేకుల చుట్టూ పూసి, అది ఆరాక మధ్యకు రావాలి. ఎండెక్కాక పూస్తే పెచ్చులూడుతుంది, అందుకని తెల్లవారుతుండగానే పైకెక్కాలి. ఆ మూలింటి బామ్మగారు నా కప్పు ముట్టుకోవద్దని మొండికేసింది. వాదించలేదు నేను. ఆమె అరచెయ్యి పట్టుకెళ్లి పూసిన రేకు మీద ఆనించాను, తర్వాత పూయని రేకు మీద. మర్నాడు ఆవిడే బక్కెట్టు పట్టుకొచ్చింది."

కొత్తావిడ శ్రద్ధగా తలూపింది. ఆ తలూపడమే కొంప ముంచింది. తాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ మొదలెట్టాక ఇక పగ్గాల్లేవు. బామ్మగారు మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుందట. చలికి ఆ ఇంటి పిల్లి పొయ్యిలోంచి బయటకు రానందట. టైలరు ఇస్త్రీపెట్టె ఎంతసేపు పెట్టినా వేడెక్కక, మడతలు పోక, పెళ్లికొడుకు నలిగిన చొక్కాతోనే పెళ్లి చేసుకున్నాడట.

పక్కనే కాజాలు కుడుతున్న టైలరు తలెత్తకుండానే, నా ఇస్త్రీపెట్టె బానే వేడెక్కిందే అన్నాడు.

"నీకు తెలియదులేవయ్యా, నువ్వప్పుడు వణుకుతున్నావు," అని తాత ముందుకు పోయాడు. పైనుంచి పోయే విమానం మా వీధిని చూసి మంచుకొండ అనుకుని దారి తప్పింది. చలిదేశపు పక్షులు వచ్చి టీ కొట్టు మీద గుడ్లు పెట్టాయి. చివరికి సూర్యుడే, కిందనుంచి కొట్టే ఆ తెలుపుకి కళ్లు బైర్లు కమ్మి, ఈ వీధి రాగానే పక్కకు తప్పుకుని వెనక సందులోంచి పోవడం మొదలెట్టాడు.

"సూర్యుడికి చుట్టుదారి ఖర్చు ఎవరిచ్చారు తాతా?" అని టీ కొట్టు అక్క అడిగితే అందరూ నవ్వారు. కొత్తావిడా నవ్వింది. నవ్వి, చాలా మామూలుగా, మరి పిల్లలేం చేశారండీ అంది.

అక్క తాత కాలు తొక్కింది. ఆమెకు అప్పటికే అనుమానం. తాతకు కాలు నొప్పే తెలిసింది గానీ సైగ తెలియలేదు.

"పిల్లలా? నేను బ్రష్షు ఇక్కడ పెట్టమంటే ఇక్కడ పెట్టారు, అక్కడ పెట్టమంటే అక్కడ పెట్టారు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. తాను నగర కార్యాలయం మనిషినని, ఈ సాయం కుర్రవాళ్లు సొంతంగా ఆలోచించి సొంతంగా నడిపే పనులకేనని, పెద్దలు నడిపే పనికి ఇవ్వడం కుదరదని చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు, నొచ్చుకోలే ఉంది.

తాత గబుక్కున కుర్చీలోంచి లేచాడు. తర్వాత ఆయన చెప్పిందంతా నిజం. తాను ఏ కప్పూ ఎక్కలేదు, ఒక్క పూట ఒక్క బక్కెట్టు కర్రతో కలిపితే నడుం పట్టేసి మంచమెక్కాడు, మిగతాదంతా మనవరాలు రాత్రిపూట అన్నం దగ్గర చెబుతుంటే విన్నది. టైలరూ సాక్ష్యం చెప్పాడు, ఈయన పొద్దున్న లేస్తే కోతలేనమ్మా అని. అక్క ఒట్టేసింది.

"సూర్యుడి సంగతి నేను నమ్మలేదు లెండి," అంది ఆవిడ. "కానీ జిగురు, అంచులు, ఆ బామ్మగారి అరచెయ్యి... ఇవి చేసినవాళ్లకే తెలుస్తాయి. పిల్లల కోసం మీరందరూ ఇప్పుడిలా అంటున్నారు. నేనైనా అలాగే అనేదాన్ని."

గొడుగు విప్పుకుని ఎండలోకి వెళ్లిపోయింది. బతుకంతా అబద్ధాన్ని నమ్మించలేకపోయిన మనిషి, ఆ రోజు నిజాన్ని నమ్మించలేకపోయాడు.

మనవరాలు ఆఫీసు చుట్టూ తిరిగింది. స్నేహితుల్ని తీసుకెళ్లింది, పూస్తూ తీసుకున్న ఫొటోలు చూపించింది. వాళ్లు కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. ఈ ఏటికి నిర్ణయం అయిపోయిందన్నారు. వచ్చే ఏటికి ఆమెకు ఈ సాయం అడిగే వయసు దాటిపోతుంది.

ఇంటికొచ్చి ఆ పిల్ల తాతను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు.

"నువ్వలా ఊకొడుతూ వింటుంటే, మా పని నీకు నచ్చిందనుకున్నాను తాతయ్యా."

"నచ్చిందమ్మా. అంత నచ్చబట్టే నాది చేసుకున్నాను."

ఆ పిల్ల చెప్పులు విప్పి లోపలికెళ్లింది.

వానలు మొదలయ్యేలోగా జట్టు విడిపోయింది. ఒకడు పైచదువుకు పోయాడు, ఒకతి పనిలో చేరింది. మిగిలిన సామాను ఎవరికి పోవాలో మనవరాలే చెప్పింది. నిచ్చెన టైలరుకు. పెద్ద డ్రమ్ము టీ కొట్టు అక్కకు, నీళ్లు పట్టుకోవడానికి. బ్రష్షులు, బక్కెట్లు పక్కవీధి పిల్లలకు, ఈ ఏటి సాయం వాళ్లకే వచ్చింది గనుక. గోడకు తగిలించే వేడి కొలిచే గొట్టం చివరింటి చంటిబిడ్డ తల్లికి. పూయని రేకు కింద ఆమె దాన్ని దేనికి వాడుకుంటుందో ఎవరూ అడగలేదు. తాతకు ఏమీ ఇవ్వలేదు.