రబ్బరు పట్టీ తర్వాత పదకొండేళ్లు

అధ్యక్షులు మేనేజరుగారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పై ఏళ్లుగా నాతోపాటు మందు సీసాలు సర్దిన అక్కచెల్లెళ్లకు, టీ ఎప్పుడిస్తారా అని తలుపు దగ్గరే నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్నానని మూడు రోజులుగా నాకు మర్యాదలు మితిమీరాయి. నిన్న సూపర్‌వైజరుగారు నన్ను ‘మీరు’ అన్నారు. అతి వినయం ధూర్త లక్షణం అంటారు పెద్దలు. మిమ్మల్ని కాదు సార్, భుజాలు తడుముకోకండి.

సంగతేమిటంటే, ఈ కంపెనీలో కొత్త ఉపాయం కనిపెట్టిన మొదటి కార్మికురాలిని నేనట, అందుకని కొత్తగా చేరినవాళ్లకు ‘మీరూ కనిపెట్టండి’ అని కాస్త ధైర్యం నూరిపోసి వెళ్లాలట. పోస్తాను. కానీ గోడ మీది బోర్డులో నా కథ సగమే రాశారు.

అప్పట్లో తడి సీసాలు బల్ల అంచుకు రాగానే జారి పడేవి, తిట్లు మాకు పడేవి. ఒకరోజు పాత రబ్బరు బెల్టు ముక్క కోసి అంచుకు అతికించాను. సీసా జారలేదు. సంతోషం కంటే భయమే ఎక్కువైంది నాకు. పొద్దున్నే అతికించడం, సూపర్‌వైజరు అడుగుల చప్పుడు వినబడితే పీకి ఒళ్లో దాచుకోవడం, ఇలా ఆర్నెల్లు దొంగతనంగా నడిపాను. చివరికి మెకానిక్ చూశాడు.

“ఇంత మంచి పని చేసి దాచిపెడతావేంటక్కా?” అన్నాడు.

“నీ పని నువ్వు చూసుకోరా” అన్నాను. వాడు చూసుకోలేదు. (నవ్వులు)

అప్పటి మేనేజరుగారు నవ్వుతూ వచ్చారు, ఫొటో తీయించారు, చప్పట్లు కొట్టించారు. నెల తిరక్కుండా ప్రతి బల్లకూ అలాంటి రబ్బరు పట్టీ వచ్చింది. ఆరుగురి పని నలుగురితో అయిపోతోందని మా బల్ల నుంచి ఇద్దరిని పంపేశారు. అందులో ఒకరు మా తోడికోడలు. ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఎందుకు మాట్లాడాలి?

ఆ తర్వాత పదకొండేళ్లు, “ఇంకేమైనా ఆలోచన ఉందామ్మా?” అని ఎవరడిగినా, “నాకంత తెలివెక్కడిది సార్” అంటూ వచ్చాను. ఉంది. ఇదిగో, మూత బిగించేటప్పుడు సీసా కదలకుండా పట్టుకునే చెక్క. దీంతో మణికట్టుకు సగం శ్రమ తగ్గుతుంది. నా చెయ్యి ఎలాగూ పాడైంది. మా బల్ల దగ్గర మిగిలే ముగ్గురిలో చిన్నదానికి ముప్పై కూడా నిండలేదు, అప్పుడే చెయ్యి పట్టుకుని కూర్చుంటోంది. ఇది ఇవ్వకపోతే వాళ్ల చేతులు పోతాయి, ఇస్తే ఒకరి కుర్చీ పోతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కొత్తగా చేరిన పిల్లలూ, ఏ పని మీ ఒంటిని సతాయిస్తోందో దాన్నే చూడండి. పనికిరాని ముక్కతో మొదలుపెట్టండి, చెడిపోతే పారేయండి, పక్కవాళ్లకు చూపించండి, నవ్వితే నవ్వనివ్వండి. అదేమంత కష్టం కాదు. పైవాళ్లకు చూపించే ముందు మాత్రం, దీనివల్ల ఎవరు లేచి వెళ్లాల్సి వస్తుందో అడగండి. నాకు ఆ ధైర్యమే లేకపోయింది. ఇవాళ అడుగుతున్నాను.

మేనేజరుగారూ, ఈ చెక్క వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని చెప్పండి. తల ఊపితే చాలదు సార్. నోటిమాట కూడా వద్దులెండి, రాసివ్వండి. మేం ఆగుతాం, టీ ఎలాగూ రాలేదు. (నవ్వులు. మేనేజరు రాస్తున్నారు.)

చదువుతాను. ‘ఈ పరికరం కారణంగా ప్రస్తుతానికి ఎవరినీ తొలగించబోము.’ ఈ ‘ప్రస్తుతానికి’ ఎందుకు సార్? కొట్టేయండి. పక్కన చిన్న సంతకం కూడా పెట్టండి. సంతోషం.

చెల్లెళ్లూ, ఈ చెక్క మీది, ఈ కాగితమూ మీదే. దాచిపెడతామని ఎవరడిగినా ఇవ్వకండి. నాకింకా పూర్తి నమ్మకం కుదరలేదు, అయినా మీ చేతుల మీద బెంగతో ఇస్తున్నాను. రేపటి నుంచి రోజూ తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. ముగ్గురూ బల్ల దగ్గర్నుంచే పలకాలి.

ఇంతసేపు ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. సెలవు.