బావిలోంచి వచ్చిన అంకె

పొందూరు దగ్గర పూడిక తీయడానికి మేనమామ నడుముకి తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. విషవాయువును కొలిచే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు అతనికన్నా ముందే అడుగుకి చేరింది. పైన అన్న తాడు పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే చెల్లెలి ఒళ్లో ఉన్న ఇంకో బోర్డు, తీగ మీద అక్కణ్ణించి వచ్చే అంకెను చూపిస్తోంది; అది పెరిగితే ప్రమాదం.

“పన్నెండే ఉన్నాది సెల్లీ. గాలి బాగున్నట్టే కదేటి?”

“పావుగంట నుంచీ పన్నెండే అన్నా. గాలన్నాక కొంచెమైనా మారాల కదా.”

“అంటే ఏటే?”

“తీగ ఊడిపోనాది. కింద నుంచి ఏటీ రాకపోతే పాత అంకె సెరిపెయ్యమని పోగ్రాంలో నాను రాయలేదు. తప్పు నాదే.”

“ఓలమ్మో! మావా, పైకి వచ్చీ!”

“ఏటర్రా గోల?” బావిలోంచి గొంతు వచ్చింది.

“మావా, ఒకట్నించి లెక్కెట్టుకుంటూ ఎక్కు. ఆపకు!” అని అరిచింది చెల్లెలు.

“ఒకటి... రెండు... మూడు...”

ఆమె చెవి ఒగ్గి వింది. నాలుగు వినిపించలేదు.

“అన్నా, తాడు లాగు!”